ఇల్లు మార్చడానికి వాడిన మినీ ట్రక్కు యాప్: డ్రైవర్ లెక్కతో సహా ఒక సమీక్ష

నాచారం నుంచి మియాపూర్‌కు ఇల్లు మారినప్పుడు సామాను చేరవేయడానికి మేము ఒక మినీ ట్రక్కు బుకింగ్ యాప్‌ను వాడాం. హైదరాబాద్‌లో ఇలాంటి యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి, నేను రాయబోయే విషయం ఏ ఒక్కదానికో పరిమితమైనది కాదు కనుక సంస్థ పేరు రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. సామాను భద్రంగా, అనుకున్న వేళకు, తక్కువ ఖర్చుతో చేరాలనుకునే వారికి ఈ సేవ బాగానే ఉపయోగపడుతుంది. అయితే ఆ ఖర్చు తక్కువగా ఉండడానికి ప్రధాన కారణం డ్రైవర్. మేము ఆలస్యం చేసిన సమయం, బండి ఖాళీగా వెనక్కి వెళ్లిన దూరం, టైర్ల అరుగుదల, చలానాలు, ఫైనాన్స్ కిస్తీ, ఇవన్నీ అతని ఖాతాలోనే పడుతున్నాయి. అతను తమ ఉద్యోగి కాదని, స్వతంత్రంగా వ్యాపారం చేసుకుంటున్న భాగస్వామి అని సంస్థ చెబుతుంది. ఆ మాట నిజమో కాదో తేల్చుకోకుండా ఈ సేవకు మార్కులు వేయడం నాకు సరైనదనిపించలేదు.

బుకింగ్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఎక్కించే చోటు, దించే చోటు పెట్టగానే బండ్ల రకాలు, ధరలు కనిపిస్తాయి. త్రిచక్ర ట్రాలీ, టాటా ఏస్, ఎనిమిది అడుగుల పికప్, వాటికంటే పెద్దవి ఉన్నాయి. మాకు టాటా ఏస్ సరిపోతుందనుకున్నాం, సరిపోయింది. ధర 1,190 రూపాయలు. లోడింగ్‌కు, అన్‌లోడింగ్‌కు కలిపి మొదటి 60 నిమిషాలు ఉచితం, ఆపైన నిమిషానికి రెండున్నర రూపాయలు. ప్యాకింగ్ ఇందులో లేదు, మనుషులు కావాలంటే వేరే చెల్లింపు. బండి ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది, బిల్లు వెంటనే వస్తుంది. సామాను ఎంత ఉంది, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా లేదా అన్న ప్రశ్నలు మాత్రం ఎక్కడా అడగలేదు. అది చిన్న లోపంగా కనిపిస్తుంది గానీ, డ్రైవర్ నష్టం మొదలయ్యేది అక్కడే.

బండి చెప్పిన వేళకు వచ్చింది. డ్రైవర్ దేవరకొండ వైపు నుంచి వచ్చి కొన్నేళ్లుగా ఉప్పల్ దగ్గర ఉంటున్న మనిషి, వయసు ముప్ఫై అయిదు దాటి ఉండవచ్చు. మాది మూడో అంతస్తు. లిఫ్టులో బీరువా పట్టలేదు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ బండిని లోపలికి రానివ్వడానికి ప్రెసిడెంటుకు ఫోన్ చేయాలన్నాడు, ఆయన ఫోన్ ఎత్తేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. యాప్‌లో ఉచిత సమయం అప్పటికే కరుగుతోంది. సామాను మోయడం డ్రైవర్ పని కాదని నిబంధనల్లోనే ఉంది. అయినా మేము పిలిచిన ఇద్దరు హమాలీలు బీరువాను మెట్ల మలుపు దగ్గర తిప్పలేక ఆగిపోయినప్పుడు అతను పైకి వచ్చి చెయ్యి వేశాడు. ఫ్రిజ్‌ను పడుకోబెట్టకూడదని హమాలీలను ఆపి, నిలువుగానే ఎక్కించి, చుట్టూ పాత బొంత చుట్టి, మోకును క్యాబిన్ వెనకున్న కొక్కేనికి వేసి బిగించాడు. భోజనాల బల్ల అద్దాన్ని పరుపుల మధ్య నిలబెట్టాడు. మబ్బు పట్టి ఉండటంతో పైన పట్టా కప్పాడు. ఆ బొంత, ఆ మోకు, ఆ పట్టా అన్నీ అతను కొనుక్కున్నవే. మియాపూర్‌లో దించేటప్పుడు అద్దం మీద గీత కూడా లేదు. సేవ నాణ్యత గురించి నేను రాయగల మంచి మాటలన్నీ నిజానికి ఆ మనిషి నేర్పు గురించినవే.

లోడింగ్‌కు గంటా నలభై నిమిషాలు, దించడానికి గంట పట్టాయి. మొత్తం 160 నిమిషాల్లో ఉచిత సమయం పోగా వంద నిమిషాలకు 250 రూపాయలు కలిసి బిల్లు 1,440 అయింది. సామాను దించాక టీ తాగుతూ, నేను అడిగిన మీదట, అతను తన ఫోన్‌లో ఆ ట్రిప్పు లెక్క చూపించాడు. వెయిటింగ్ చార్జీతో కలిపి మొత్తం మీద ఇరవై శాతం కమీషన్, అంటే 288 రూపాయలు, సంస్థ మినహాయించుకుంది. అతనికి మిగిలింది 1,152. మా ఇంటికి రావడానికి, మియాపూర్ చేరడానికి, ఖాళీ బండితో ఉప్పల్‌కు తిరిగి వెళ్లడానికి కలిపి అరవై అయిదు కిలోమీటర్లకు పైగా తిరగాలి. లీటరుకు పదహారు కిలోమీటర్లు వస్తాయన్నాడు కనుక, లీటరు 95 రూపాయల చొప్పున డీజిల్‌కే సుమారు 380 పోతుంది. మిగిలే 770 రూపాయలు ఉదయం ఎనిమిదికి ఆర్డర్ ఒప్పుకున్నప్పటి నుంచి మధ్యాహ్నం రెండింటికి తన ప్రాంతానికి తిరిగి చేరే వరకు పట్టే ఆరు గంటల పనికి. అందులోంచి బండి కిస్తీ, బీమా, ఫిట్‌నెస్, టైర్లు, మరమ్మతులు తీయాలి. కిస్తీ నెలకు పదమూడు వేలట. నెలకు ఇరవై ఆరు రోజులు పని దొరికినా రోజుకు 500 రూపాయలు దానికే పోవాలి, ఇంత దూరపు ట్రిప్పులు రోజుకు రెండు పడటమే కష్టమని అతను చెప్పాడు.

వెయిటింగ్ చార్జీ సంగతి మరికొంచెం చూడాలి. నిమిషానికి రెండున్నర అంటే గంటకు 150 రూపాయలు, కమీషన్ పోగా 120. ఒక మనిషీ, లక్షల రూపాయల అప్పుతో కొన్న ఒక వాహనమూ గంటసేపు మన గుమ్మం ముందు నిలబడినందుకు దక్కేది అంతే. మొదటి గంటకైతే అది కూడా లేదు. ఆ గంట మా వాచ్‌మన్ వల్ల గడిచినా, మా ప్యాకింగ్ పూర్తికాకపోవడం వల్ల గడిచినా నష్టపోయేది అతనే, ఉచితం అని ప్రకటించి వినియోగదారుల దగ్గర మంచి పేరు తెచ్చుకునేది సంస్థ. నేను అతని మాటలను ఇక్కడ యథాతథంగా రాస్తున్నాను: “రేటు వాళ్లే పెడ్తరు, రేటింగ్ మీరిస్తరు, కిస్తీ మాత్రం నేనే కట్టాలె అక్కా.”

ఇప్పుడు దీన్ని ట్రాలీ అడ్డాతో పోల్చి చూడాలి. నగరంలో ఏ పెద్ద కూడలి దగ్గరైనా, ఫర్నిచర్ దుకాణాలు, సిమెంటు, ఇనుము అమ్మే చోట్లయినా పది పన్నెండు బండ్లు వరుసగా నిలబడి ఉంటాయి. అక్కడికి వెళ్లి బండి కావాలంటే డ్రైవర్ ముందు ప్రశ్నలు అడుగుతాడు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నో అంతస్తు, బీరువాలు ఎన్ని, వాషింగ్ మెషిన్ ఉందా, గల్లీలోకి బండి వస్తుందా, హమాలీలు మీవాళ్లా మమ్మల్ని చూడమంటారా. అవన్నీ విన్నాక కిరాయి చెబుతాడు. మనం తగ్గించమంటాం, అతను కొంత తగ్గుతాడు లేదా ‘నాకు కుదరదు, పక్క బండిని అడగండి’ అంటాడు. వచ్చేటప్పుడు ఖాళీగా రావాలి కాబట్టి ఆ డీజిల్ కూడా లెక్కలో వేసుకుంటాడు. మియాపూర్‌లో తనకు తెలిసిన దుకాణం ఉంటే, తిరుగు కిరాయి దొరుకుతుందన్న ధీమాతో వందో రెండొందలో తక్కువకే వస్తాడు. ఇది స్వతంత్ర వ్యాపారం. నష్టం వస్తే అతనిదే, కానీ నష్టం రాకుండా ధర నిర్ణయించుకునే అవకాశమూ అతనిదే. కొన్నాళ్ల కిందట మా అత్తగారి సామాను అడ్డా బండిలోనే తరలించాం. బేరానికి సమయం పట్టింది, ధర యాప్ కంటే ఎక్కువే అయింది, బిల్లు ఏమీ లేదు. సౌకర్యం విషయంలో యాప్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి.

యాప్ డ్రైవర్‌కు మాత్రం నష్టం ఉంది, ధర మీద చెయ్యి లేదు. మూడో అంతస్తనీ, లిఫ్టు చాలదనీ అతనికి ఇంటి ముందుకు వచ్చాకే తెలుస్తుంది. ఆర్డర్‌ను ఒప్పుకునేందుకు కొన్ని సెకన్లు మాత్రమే ఇస్తారు. వరసగా వద్దంటే ఆ తర్వాత ఆర్డర్లు తగ్గిపోతాయని, రేటింగ్ పడిపోతే మంచి ట్రిప్పులు రావని అతను చెప్పాడు. వినియోగదారు నగదు ఇచ్చినప్పుడు కమీషన్‌ను డ్రైవర్ ముందుగా డబ్బు వేసిపెట్టిన వాలెట్ నుంచి కోసుకుంటారు, అందులో మొత్తం మైనస్‌లోకి వెళ్తే ఆర్డర్లు ఆగిపోతాయి. బండి పక్కన సంస్థ స్టిక్కర్ ఉంది. ఏదైనా ఫిర్యాదు వస్తే ఖాతా ఆపేస్తారు, తిరిగి తెరిపించుకోవడానికి కాల్ సెంటర్ చుట్టూ తిరగాలి. ధర, కమీషన్, పని పంపకం, క్రమశిక్షణ, శిక్ష ఇవన్నీ ఒక చోట నిర్ణయమవుతున్నప్పుడు, ఆ చోట ఉన్నది యజమాని కాదని నమ్మడం కష్టం.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. ఎవరు ఉద్యోగి అనే ప్రశ్నను మన న్యాయస్థానాలు చాలాకాలం కిందటే జాగ్రత్తగా పరిశీలించాయి. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ ప్రాంతానికి వర్తించిన దుకాణాలు, సంస్థల చట్టం కింద తలెత్తిన వివాదం మీదే వచ్చింది. ఆ దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన దానికి ఇంత అని కూలి. వచ్చే వేళ, పోయే వేళ వాళ్ల ఇష్టం. పని లేనినాడు రానక్కర్లేదు, కొందరు బట్టను ఇంటికి తీసుకెళ్లి కుట్టుకొచ్చేవారు. అందుకే వీళ్లు ఉద్యోగులు కారని యాజమాన్యం వాదించింది. కుట్టు నచ్చకపోతే తిప్పికొట్టి మళ్లీ కుట్టించే అధికారం యజమానికి ఉన్నప్పుడు అది నియంత్రణే అవుతుందని, ఒక మనిషి వేరే దుకాణంలో కూడా పని చేసుకోగలగడం అతన్ని ఉద్యోగి కాకుండా చేయదని కోర్టు చెప్పింది. ఆ కేసులో కుట్టు మిషన్లు దుకాణానివి, ఇక్కడ బండి డ్రైవర్‌ది, ఈ తేడా చిన్నది కాదు. కానీ ఆ తీర్పులోని మిగతా లక్షణాలను ఒక్కొక్కటిగా ఈ యాప్ పక్కన పెట్టి చూస్తే, ఆనాటి దర్జీ కంటే ఈనాటి ట్రాలీ డ్రైవర్ మీద నియంత్రణ ఎక్కువగానే కనిపిస్తుంది. దర్జీ కుట్టే ప్రతి నిమిషాన్నీ యజమాని చూడలేదు. ఈ బండి ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో సంస్థకు ప్రతి క్షణం తెలుసు.

ఉద్యోగి అని ఒప్పుకుంటే ఏం మారుతుందో కూడా చెప్పాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్ పనిని మామూలుగా రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది, అంతకు మించితే రెట్టింపు వేతనం ఇవ్వాలంది. ఆ చట్టం అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కార్మికులున్న రవాణా సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలున్న యజమానులే ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో, విజయవాడ ఆటోనగర్ నుంచి సరుకు తీసుకెళ్లే ఎందరో డ్రైవర్లకు ట్రిప్పు డబ్బులు, బత్తా తప్ప వేరే రక్షణ లేకపోవడానికి అదీ ఒక కారణం. ఇప్పుడు ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. యాప్‌ల విషయంలో ఆ అయిదుగురి అడ్డంకి ఉండేది కాదు, వేలమంది డ్రైవర్లు ఒకే సంస్థ కింద ఉన్నారు. కానీ వాళ్లను అసలు ఉద్యోగుల జాబితాలోకే రానివ్వకపోవడంతో పనిగంటల పరిమితి, ఓవర్‌టైమ్, ప్రావిడెంట్ ఫండ్, కనీస వేతనం ఏవీ వారి దాకా రావడం లేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ గిగ్ కార్మికులను, ప్లాట్‌ఫామ్ కార్మికులను, అంటే ఇలా యాప్‌ల ద్వారా పనికింత చొప్పున చేసేవారిని, కేంద్ర చట్టంలో తొలిసారి గుర్తించింది. సరుకు రవాణా యాప్‌లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. సంస్థలు తమ వార్షిక టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం సామాజిక భద్రతా నిధికి ఇవ్వాలి, అయితే అది కార్మికులకు చెల్లించే మొత్తంలో అయిదు శాతాన్ని మించకూడదు. ప్రమాద బీమా, ఆరోగ్యం, వృద్ధాప్య రక్షణ వంటి వాటికి ఈ నిధి పనికొస్తుంది, అది మేలే. కానీ ఆ చట్టం గిగ్ కార్మికుణ్ణి యజమాని, ఉద్యోగి సంబంధానికి వెలుపలి మనిషిగానే నిర్వచించింది కనుక, నేను పైన చూపించిన 1,152 రూపాయల లెక్కను అది ముట్టుకోదు. రాష్ట్రాల్లో రాజస్థాన్ 2023లో మొదటగా చట్టం చేసింది. కర్ణాటక 2025లో తెచ్చిన చట్టం పని నుంచి తొలగించే ముందు 14 రోజుల నోటీసు, రాతపూర్వక కారణం ఉండాలంది. తెలంగాణ ప్రభుత్వం అదే సంవత్సరం ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. ట్రిప్పు ధర నిర్ణయించే విధానం కార్మికుడికి తెలియాలన్న నియమాన్ని మన రాష్ట్రం గట్టిగా పెట్టాలని నేను కోరుకుంటున్నాను.

కాలిఫోర్నియాలో ఈ వివాదం ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ డైనమెక్స్ అనే పార్సిల్ సంస్థ అంతకుముందు ఉద్యోగులుగా ఉన్న తన డ్రైవర్లను 2004లో స్వతంత్ర కాంట్రాక్టర్లుగా మార్చేసింది. పని అదే, బండి ఖర్చులు మాత్రం డ్రైవర్ల మీదికి వెళ్లాయి. 2018 ఏప్రిల్ 30న ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు మూడు షరతులు పెట్టింది. డ్రైవర్ సంస్థ నియంత్రణలో లేడని, అతను చేసే పని సంస్థ ప్రధాన వ్యాపారానికి వెలుపలిదని, అతనికి సొంతంగా అలాంటి వ్యాపారం నిజంగానే ఉందని, ఈ మూడూ సంస్థే రుజువు చేయాలి. ఒక్కటి రుజువు కాకపోయినా అతను ఉద్యోగే. 2019లో ఆ సూత్రాన్ని చట్టం చేశారు, లారీ యజమానుల సంఘం వేసిన అప్పీలును స్వీకరించడానికి 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది. ఈ మూడింటిలో రెండోదొక్కటి చాలు, మేము వాడిన యాప్ నిలబడదు. సరుకు చేరవేయడమే ఆ సంస్థ వ్యాపారం, సరుకు చేరవేసేది డ్రైవర్లే.

దీనికి ఎదురు మాట ఉంది, అది గౌరవంగా వినదగినది. 2022 జులైలో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ రేవు ముందు ఆ రాష్ట్ర చట్టానికి వ్యతిరేకంగా లారీలు అడ్డుపెట్టి రోజుల తరబడి నిలబడింది సొంత బండ్లున్న డ్రైవర్లే. తమ బండి తమదేనని, ఎవరి కిందా పనిచేయబోమని వారు చెప్పారు. మా డ్రైవర్ కూడా ఉద్యోగం కావాలని అడగలేదు. ఊళ్లో పంట పనులప్పుడు పది రోజులు బండి ఆపుకొని వెళ్లే వీలు తనకు ముఖ్యమన్నాడు. నేను అడిగేది కూడా అందరికీ నెల జీతాలు రాసివ్వమని కాదు. స్వతంత్రుడని సంస్థ అంటే అడ్డా డ్రైవర్‌కున్న స్వేచ్ఛ అతనికి నిజంగా ఇవ్వాలి. సామాను వివరాలు, అంతస్తు, దించే చోటు ముందే చూపించాలి, తన కిరాయి తను చెప్పుకోనివ్వాలి, వద్దన్నందుకు ఆర్డర్లు తగ్గించకూడదు. ధర తన చేతిలోనే ఉంచుకుంటాననుకుంటే ఆ ధరలో ఖాళీ తిరుగు ప్రయాణం, వేచి ఉన్న ప్రతి నిమిషం, బండి అరుగుదల లెక్కగట్టి, ఉద్యోగికి ఇవ్వవలసినవి ఇవ్వాలి. లాభం వచ్చేచోట యజమానిగా, ఖర్చు వచ్చేచోట మధ్యవర్తిగా ఉండే వీలును చట్టం ఏ సంస్థకూ ఇవ్వకూడదు.

వెయిటింగ్ చార్జీ మీద కూడా కమీషన్ ఎందుకు తీసుకుంటున్నారని నేను వినియోగదారుల సేవా విభాగానికి రాశాను. నా బిల్లు సరిగ్గానే ఉందని, ఇంకేదైనా సహాయం కావాలా అని జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే భాగస్వాముల చెల్లింపు వివరాలు వినియోగదారులతో చర్చించలేమన్నారు. వినియోగదారుల సేవగా ఆ జవాబులు వేగంగానే వచ్చాయి, అందులో లోపం లేదు. నేను ఇచ్చిన డబ్బులో ఎంత ఎవరికి వెళ్లిందో బిల్లు మీద ముద్రించడానికి ఏ అడ్డంకీ లేదనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

సమయపాలనకు, సామాను భద్రతకు అయిదుకు నాలుగున్నర, ధరకు మూడు, డ్రైవర్లతో వ్యవహారానికి ఒకటి వేస్తాను. ఇదే యాప్‌ను వాడేవారు బండి వచ్చేలోగా ప్యాకింగ్ పూర్తిచేసి, అపార్ట్‌మెంటు అనుమతి ముందురోజే తీసుకుని, అంతస్తు, లిఫ్టు, బీరువాల సంగతి ఆర్డర్ ఖాయం కాగానే డ్రైవర్‌కు ఫోన్ చేసి చెప్పండి. అది విని అతను రాలేనంటే ఫిర్యాదు చేయకుండా మీవైపు నుంచే రద్దు చేయండి. పార్కింగు రుసుము అతని చేత కట్టించకండి, మోయడానికి హమాలీలను మీరే పిలుచుకోండి, అతను చెయ్యి వేస్తే ఆ కూలి విడిగా అతని చేతికే ఇవ్వండి. యాప్ చూపిన దారి తప్పయినా, ధర పెరిగినా, కాల్ సెంటర్ విసిగించినా ఆ కోపంతో చివర ఇచ్చే రేటింగ్ చుక్కల్లో కోత పెట్టకండి, అవి సంస్థకు కాకుండా డ్రైవర్ ఖాతాకు వెళ్తాయి, మర్నాడు అతనికి వచ్చే ఆర్డర్లు వాటి మీదే ఆధారపడి ఉంటాయి.